ఎర్ర వజన్ల వంతెన

1976 ఎండాకాలం. బొంబాయి దగ్గరి భివండీలో, నిజాంపురాలో నాకో ఫిట్టింగు షాపు ఉండేది. కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి సాంచాల మధ్య, అంటే పవర్‌లూముల మధ్య, పని నేర్చుకున్నవాణ్ని. విరిగిన ఇనుము ఏదైనా నా బల్ల మీదికొస్తే మళ్లీ పనిలోకి వెళ్లాల్సిందే. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే నేను చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్దది సాంచా కాదు, ఒక వంతెన.

అప్పట్లో ఊరి పక్కగా రైలు లైను వేస్తున్నారు. దాని కట్టకు మట్టి, కంకర చేరవేయడానికి ఒక కాంట్రాక్టరు టెంఘర్ వైపు నదికి అడ్డంగా ట్రాలీ పట్టాల వంతెన వేశాడు. అది మరీ పల్లంగా ఉంది. ఇసుక పడవల తెరచాప కొయ్యలు దాని కింద పట్టవు. పడవవాళ్లంతా వచ్చి పట్టాల మీద బైఠాయించారు. చివరికి గట్టు పక్క భాగం పైకి లేచేలా మార్చాలని ఒప్పందమైంది. ఆ పని నాకు వచ్చింది.

ఇలా లేచే భాగాన్ని మేం స్పాన్ అనేవాళ్లం. ఒక చివర మడతబందు వేసి, దానికి వెనక రెండు ఇనుప దూలాలు తోకలా గట్టు మీదికి సాగదీసి, తోక దిగేందుకు కింద గుంత తవ్వించాను. ఆ తోకకు బరువు కట్టాలి. దాన్ని కౌంటర్ వెయిట్ అంటారు. అటు స్పాన్ బరువు, ఇటు తోక బరువు సరితూగితే, ఇద్దరు మనుషులు వించి, అంటే తాడు చుట్టే చేతిచక్రం, తిప్పినా పట్టాలు సాఫీగా లేస్తాయి. ఆ బరువు కోసం నేను సాంచా వజన్లు వాడాను. నూలు చుట్టిన బీము వదులు కాకుండా సాంచా వెనక వేలాడదీసే ఇనుప దిమ్మలు అవి. పాత ఇనుము దుకాణాల్లో కావలసినన్ని దొరికేవి. తుప్పు పట్టకుండా ఎర్ర రంగు పూసి, కొక్కేలకు వరసగా తగిలించి, పైన రేకు కప్పాను. మొదటిసారి వంతెన లేచినప్పుడు పడవవాళ్లు వేసిన ఈలలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి.

కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత వించి బరువెక్కింది. ఒకరోజు వంతెన అసలే లేవలేదు. పాండు అనే నాఖ్వా, అంటే పడవ యజమాని, పడవతో సహా ఎగువన చిక్కుకుపోయాడు. నేను పళ్లచక్రం మార్చాను, మడతబందు నిండా గ్రీజు కుక్కాను. ఫలితం సున్నా. నాకు తిక్క పుట్టింది. నా పనే నాకు ఎదురు తిరగడమా?

కాంట్రాక్టరు హిందీలో తేల్చి చెప్పాడు. "మిస్త్రీ, నీ మరమ్మతులతో నా ట్రాలీలు ఆగుతున్నాయి. రేపు పొద్దున సముద్రపు పోటు వేళకు వంతెన లేస్తే సరే. లేకపోతే బోల్టులు బిగించి శాశ్వతంగా మూసేస్తా. నాఖ్వాను కొయ్య కోసుకుని కింద నుంచి పొమ్మను."

పాండు నా చెయ్యి పట్టుకున్నాడు. "మా నాయన నిలబెట్టిన కొయ్య, మిస్త్రీ. అది పోతే తెరచాప లేదు. తెరచాప లేకుంటే నాకు పడవ ఎందుకు?"

మొహం కడుక్కుందామని దగ్గర్లోనే ఉన్న మా బావమరిది ఇసాకు పనిచేసే సాంచాల షెడ్డుకు వెళ్లాను. అతని సాంచా వెనక వేలాడుతోంది, ఎర్రగా, నా వజను.

"ఇసాకూ, గిదెక్కడిది?"

"నీ వంతెన కాడిది బావా. ఊకెనే వేలాడుతుండె. కొత్త బీము ఎక్కించిన, వజన్లు తక్కువైనయ్. బీము సన్నగైనంక మళ్ల తగిలిద్దమనుకున్న."

"అడగవద్దా?"

"పక్క సాంచ వజను తెచ్చుకుంటే ఎవరినన్న అడుగుతమా? నేనొక్కన్నే కాదు, లైన్ల శానమంది తెచ్చిండ్రు."

కోపం రాలేదంటే అబద్ధం. కానీ అతను చెప్పింది నిజం. నిండు బీముకు ఎక్కువ వజన్లు కావాలి, నూలు తరిగేకొద్దీ తీసేయాలి. తీసినదాన్ని పక్కవాడు తెచ్చుకుంటాడు, పనయ్యాక తిరిగి పెడతాడు. మా షెడ్లలో అదెవరికీ దొంగతనం కాదు. వంతెన పడుకుని ఉన్నప్పుడు చూస్తే వాళ్లకు అదొక ఆగిపోయిన సాంచా, అంతే. వెళ్లి రేకు ఎత్తి చూశాను. వెనక వరస కొక్కేలన్నీ బోసిగా ఉన్నాయి. ఇనుము ఎక్కడికి పోతుందిలే అని నేను అటు తొంగి కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే షెడ్డు షెడ్డుకూ తిరిగి పాండు సంగతి చెప్పాను. అందరికన్నా పెద్దవాడు రాజయ్య. జగిత్యాల వైపు నుంచి కూలికి వచ్చినవాడు.

"గట్లనా మిస్త్రీ? గా పడవాయన కొయ్య మా వల్ల పోవుడేంది!" అని నొచ్చుకున్నాడు. తన సాంచా వైపు చూసి తల ఊపాడు. "నా బీము నిండుగున్నది. ఇప్పుడు గుంజితే బట్ట ఖరాబైతది. వజను రాదు గని, నేనొస్త."

ఆయన ఏమంటున్నాడో నాకు తెల్లవారాకే అర్థమైంది.

పొద్దున పోటు ఎక్కేసరికి కాంట్రాక్టరు మనుషులు బోల్టులతో సిద్ధంగా ఉన్నారు. పాండు పడవలో నిలబడి కొయ్యకు చేయి ఆనించాడు. రాత్రి షిఫ్టు దిగిన మనుషులు తలల నిండా దూదిపింజలతో గుంపుగా వచ్చారు. కొందరు వజన్లు భుజాన వేసుకొచ్చి కొక్కేలకు తగిలించారు. ఇంకా చాల్లేదు. అప్పుడు రాజయ్య తోక దూలం మీద ఎక్కి కూర్చున్నాడు. వెనకే ఇసాకు, ఆ వెనక వజను తేలేని మిగతావాళ్లు.

"తిప్పు మిస్త్రీ!" అని అరిచాడు రాజయ్య.

వించి తిప్పాం. తోక మెల్లగా మనుషులతో సహా గుంతలోకి దిగింది. అటు పట్టాలు ఆకాశానికి లేచాయి. కొయ్య ఎక్కడా తగలకుండా పడవ దాటిపోయింది. పాండు వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. కాంట్రాక్టరు బోల్టులు వెనక్కి పంపించేశాడు.

మరుసటి రోజే పాత ఇనుము దుకాణంలో మరికొన్ని వజన్లు కొని, రంగు పూయకుండా వంతెన పక్కన కుప్ప పోశాను. "కావాలంటే గివి తీస్కపోండ్రి, పనైనంక తెచ్చి పెట్టుండ్రి. ఎర్రవాటి జోలికి మాత్రం రావొద్దు" అని షెడ్ల వాళ్లకు చెప్పాను. రాలేదు. రైల్వే వాళ్ల పెద్ద వంతెన పూర్తయ్యాక మా వంతెనను విప్పేశారు. విప్పింది కూడా నేనే. ఎర్ర వజన్లు అన్నీ కొక్కేలకే ఉన్నాయి. పక్కన కుప్ప మాత్రం నేను పోసినదానికన్నా పెద్దదయింది.

ఆ తర్వాత ఏ యంత్రం నిలబెట్టడానికి వెళ్లినా ముందు చుట్టుపక్కల ఒక తిరుగుడు తిరిగి వస్తాను. అక్కడివాళ్లు ఏ పని చేస్తున్నారో చూస్తాను, వాళ్లకేం తక్కువ పడుతోందో అడుగుతాను. టేపు తీసి కొలతలు పెట్టడం ఆ తర్వాతే.