రంగు పట్టిన వేళ్ళు

నూలు పిండే కట్టెను మా ఆయన నా చేతికి ఇచ్చిన రోజే నాకు ఏదో తేడా అనిపించింది.

మాది నల్లగొండ జిల్లాలో చిట్యాలకు దగ్గరి ఊరు. ఇంట్లో ఒక మగ్గం, వెనక రేకుల కింద రంగు పొయ్యి. మేము చేసేది చిటికి పని. అంటే పట్టు నూలును నేయకముందే అక్కడక్కడ గట్టిగా కట్టి, కాగే రంగులో ముంచి, విప్పి, మళ్ళీ వేరే చోట కట్టి ముంచుతాం. కట్టిన చోట రంగు పట్టదు. నేసినప్పుడు అక్కడే పువ్వు తేలుతుంది. రంగులోంచి తీసిన తడి నూలు బరువుగా ఉంటుంది. ఒక కొస కొయ్యకు తగిలించి, ఇంకో కొసలో కట్టె దూర్చి మెలి తిప్పి పిండాలి. పెళ్లైనప్పటి నుంచి ఆ కట్టె ఆయనదే. "నువ్వు తిప్పితే సగం రంగు నూల్లనే ఉంటది" అని నన్ను ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ రోజు రెండు మెలికలు తిప్పి ఆగాడు. గోడకు చెయ్యి ఆనించి, "జర నువ్వు తిప్పు" అన్నాడు.

"ఏమైంది?"

"ఏం కాలే. ఇన్ని దినాలు కూసొని తిన్న కదా, ఒళ్ళు మొద్దుబారింది. నాలుగు దినాలు చేస్తే అదే దారికొస్తది."

నాకూ ఆ మాట సరిగానే తోచింది. రెండో లాక్‌డౌన్ ఎత్తేసిన వారం అది. వీధిలో అందరి పరిస్థితీ అంతే. చాయ్ హోటల్ ముందు తాడు కట్టి, తాడు ఇవతల నిలబెట్టి గ్లాసులు ఇస్తున్నారు. మంగలి షాపు తెరిచాడని తెలిసి గడ్డాలు పెంచిన మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మూగబోయిన మగ్గాలు ఒక్కొక్కటే మోగడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు వింటుంటే ఇంట్లో ఆరిపోయిన దీపం వెలిగినట్టు ఉండేది. చీరలు కొనే సేటు కూడా ఆటోలో నూలు వేసుకొని వచ్చాడు. "శ్రావణం పెండ్లిళ్ళకు చీరలు కావాలె. ఎవలు ముందు నేసి కోసిస్తే మళ్ళ వాళ్ళకే నూలు" అని చెప్పి పోయాడు. ఏడాది పైనుంచి మాకు పని దొరికిన రోజులు తక్కువ. అందుకని మా ఆయన ఒక చీర మగ్గం మీద నేస్తూనే, రెండో చీరకు రంగు పొయ్యి వెలిగించాడు.

జాగ్రత్తలు తీసుకోలేదా అని అడుగుతారు. నేను పాత ధోతి చింపి నాలుగు మడతల మాస్కులు కుట్టాను. కొన్నవి ఒక్కరోజుకే పారేయాలంటారు, అంత దుబారా నాతో కాదు. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడిగాను. పక్కింటి యాదగిరిని కూడా అరుగు కిందే నిలబెట్టాను. "అక్కా, నేనేమన్న అంటరానోన్నా?" అని వాడు అలిగాడు కూడా. అయినా కరోనా వచ్చింది. ఎక్కడి నుంచి అంటిందో నేను వెతకలేదు, వెతికితే మాత్రం ఏం వస్తుంది.

మర్నాడు అన్నం ముందు కూర్చొని, "చారు చప్పగున్నది, ఉప్పు మర్చినవా?" అన్నాడు.

"నేనెప్పుడన్న మర్చిన్నా? నోరు బాగలేకపోతే ఉప్పు దండుగ చేస్తనా?" అని కసిరాను. సాయంత్రానికి ఒళ్ళు కొంచెం వెచ్చబడింది. గోలీ వేసుకున్నాడు, తగ్గింది. పొడి దగ్గు మాత్రం తగ్గలేదు.

అప్పుడు ఆశా కార్యకర్త పద్మ ఇంటింటికీ తిరుగుతూ మా వీధికి వచ్చింది. దాని చేతిలో వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఉంది. మొదట యాదగిరి వేలికి పెట్టింది. ఎనభై ఆరు చూపించింది. పద్మ ముఖం పాలిపోయింది. యాదగిరి గట్టిగా నవ్వాడు.

"నేను సచ్చిపోతున్నట్టా బిడ్డా? పొద్దుగాల నుంచి బిందెలు మోస్తున్న!"

వాడూ అప్పుడే రంగు పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చాడు. మా పనివాళ్ళ గోళ్ళు ఎప్పుడూ నలుపో ఎరుపో. చేతికి తొడుగులు వేసుకుంటే ముడి ఎక్కడుందో వేలికి తెలియదు, అందుకని ఎవరూ వేసుకోరు. ఆ రంగు సబ్బుకు పోదు, గోరు పెరిగి తెగిపోతేనే పోతుంది. యాదగిరి ఎడమ చిటికెన వేలికి రంగు లేదు. పద్మ అక్కడ పెడితే తొంభై ఏడు వచ్చింది.

"చూసినవా, రంగు గోళ్ళకు మిషన్ సరిగ్గ చూపియ్యది" అని వాడు వీధంతా వినేటట్టు చెప్పాడు.

తర్వాత మా ఆయన వేలికి పెట్టింది. ఎనభై ఏడు.

"తాతా, ఇంకో వేలియ్యి" అన్నది పద్మ.

పది వేళ్ళూ చూపించాడు. పదికి పదీ ఎర్రగా, నల్లగా ఉన్నాయి. ఒక్కొక్క దానికీ పెట్టి చూసింది. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది, మళ్ళీ ఎనభై ఏడు.

"అన్నిట్ల రంగే ఉన్నదాయె" అన్నాడు యాదగిరి. "బావకేమైంది, గుండ్రాయి లెక్కున్నడు."

పద్మ ఒప్పుకోలేదు. "ఏదైనా కానీ తాతా, దవాఖానకు పోయి ఒక్కసారి చూపిచ్చుకో. దగ్గుతున్నవు కదా."

"పోత బిడ్డా. చీర ఇంక మూరెడే ఉన్నది. కోసిచ్చి పోత."

నేనూ మిషన్‌నే తప్పుపట్టాను. వీధంతా అదే మాట అనుకున్నది. మా ఆయన కాళ్ళు అక్కడే, మా అందరి కళ్ళ ముందే ఉన్నాయి. కాలి వేళ్ళకు రంగు ఉండదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంకో మూడు రోజులు అట్లాగే గడిచాయి. ఆయన మగ్గం మీద కూర్చొని నేసేది తక్కువ, ఆగేది ఎక్కువ. నేను అడిగితే, "మిషన్లు మనల్ని బతికిస్తున్నయా? చేతులు బతికిస్తున్నయి" అనేవాడు. నాలుగో రోజు పొద్దున రెండో చీర నూలును రంగులో వేసి, అది నానేలోపు నాలుగు పోగులు నేద్దామని మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాడు. కాసేపటికి పిలిచాడు. పోయి చూస్తే పలక మీద చేతులు పెట్టి ముందుకు వంగి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"లేవరాతలేదే" అన్నాడు.

మా కొడుకు నరేశ్ దగ్గర్లోని కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. అప్పుడే డ్యూటీ దిగి ఇంటికి వచ్చాడు. వాడూ యాదగిరీ కలిసి ఆయన్ని గుంతలోంచి పైకి ఎత్తారు. ఆటోలో చిట్యాలకు పోయాం. రాపిడ్ టెస్టులో ఆయనకూ నాకూ పాజిటివ్ వచ్చింది. నాకు గొంతు గరగర, ఒళ్ళు నొప్పులు తప్ప ఏమీ లేదు. కొడుకుకు రాలేదు. కోడలూ మనవరాలూ మహబూబ్‌నగర్‌లో తల్లిగారింట్లో ఉండబట్టి బతికిపోయారు. చిట్యాల నుంచి అంబులెన్సులో నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. నాకూ పాజిటివ్ కాబట్టి ఆయన వార్డులోనే ఉండనిచ్చారు. ఆ రోగానికి నేను దండం పెట్టుకున్నది ఆ ఒక్కదానికే.

సిస్టర్ ఆయన వేలు పట్టుకొని, "తాతా, నెయిల్ పాలిష్ పెట్టుకున్నవా?" అన్నది.

"ఔ బిడ్డా, నీక్కావాల్నా? మా ఇంటికాడ గంగాళమున్నది" అన్నాడు. ఆ మాట అనడానికే మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

సిస్టర్ స్పిరిట్ పెట్టి తుడిచింది. రంగు కదలలేదు. డాక్టర్ వచ్చారు, చిన్న వయసాయన. మిషన్‌లో డెబ్బై ఆరు కనిపించింది. నేను తొందరపడి, "రంగుకు గట్ల చూపిస్తది సార్. మొన్న కూడ తక్కువనే చూపిచ్చింది" అన్నాను.

డాక్టర్ మా ఆయన కాళ్ళ మీది దుప్పటి తీసి కాలి బొటనవేలికి మిషన్ పెట్టారు. తర్వాత చెవి తమ్మెకు పెట్టారు. అక్కడా అంతే. మణికట్టులో సూది గుచ్చి ఏబీజీ అని రక్తం తీశారు. అందులోనూ అదే తేలింది.

"మొన్న ఎంత చూపించిందమ్మా?"

"ఎనభై ఏడు."

డాక్టర్ తల దించుకొని కాగితం మీద ఏదో రాశారు. "రంగు వల్ల కూడా తప్పు చూపిస్తది, నిజమే. అందుకే ఇంకో జాగాల పెట్టి చూడాలె" అన్నారు నెమ్మదిగా. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

సీటీ స్కాన్ తీసి రెండు లంగ్స్‌కూ పాకిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు. బోర్లా పడుకోబెడితే, "చిన్న పోరగాన్ని చేసిన్రు నన్ను" అని విసుక్కున్నాడు. రెండు రోజులకు అంకె తొంభై దాటింది. ఇడ్లీ తిన్నాడు. మాట వచ్చింది. రాగానే అడిగిన మాట పొయ్యి గురించే.

"రంగేం చేసినవు?"

"మూత పెట్టొచ్చిన."

"పారబొయ్యకు. ఇంకో రెండు లడీల నూలుకొస్తది."

"నాకు చెప్తున్నవా? నేనెప్పుడన్న పారబోసిన్నా?" అన్నాను. నవ్వాడు. ఇక ఇంటికి తీసుకుపోతానని ఆ రోజు గట్టిగా నమ్మాను. నరేశ్‌కు ఫోన్ చేసి, మీ బాపుకు మెత్తటి అన్నం చేయాలి, పాత బియ్యం తీసి పెట్టమని చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం ఛాతీ పట్టుకున్నాడు. డీ-డైమర్ పెరిగింది, రక్తం గడ్డ కడుతున్నది అన్నారు. ఐసీయూకి మార్చి, ఊపిరిని లోపలికి నెట్టే బైపాప్ మిషన్ పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. సాయంత్రం సిస్టర్ తన ఫోన్‌లో చూపించింది. ముఖం నిండా మాస్క్, మాట లేదు. నన్ను చూసి కుడి చెయ్యి కొంచెం లేపి, గాలిలో మెలి తిప్పినట్టు తిప్పాడు.

సిస్టర్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నూలు తీసి పిండినవా అని అడుగుతున్నాడు.

పిండిన అని తల ఊపాను. నూలు రంగులోనే ఉంది.

ఆయన చెయ్యి దించాడు. మర్నాడు పొద్దున వార్డుకు చాయ్ వచ్చే వేళకు డాక్టర్ నా మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నిలబడిన తీరుకే తెలిసిపోయింది.

ముఖం చూపించమన్నాను. అప్పటికే సంచిలో మూట కట్టేశారు, మళ్ళీ విప్పవద్దని రూలు అన్నారు. వార్డుబాయి నావైపు చూసి, ఎవరూ లేనప్పుడు పక్కన కొంచెం జిప్పు తీశాడు. చెయ్యి కనిపించింది. ఎర్ర గోళ్ళు, నల్ల గోళ్ళు. ఇంక అడగలేదు.

నాకు రోగం తేలిగ్గానే పోయింది. నీరసం పోవడానికే చాలా రోజులు పట్టింది. గోడ పట్టుకొని బావి దగ్గరికి పోయి, మధ్యలో రెండుసార్లు కూర్చొనేదాన్ని. ఇంటికి వచ్చిన రోజు నరేశ్, "అమ్మా, పొయ్యి కాడికి పోకు, నేను చూసుకుంట" అన్నాడు. విన్లేదు. మూత తీశాను. వాసన తెలియలేదు, నాకు అప్పటికి ముక్కు పని చేయడం లేదు. నూలు తీసి నా చేతులతోనే పిండాను. ముడులు విప్పి చూశాను. అన్ని రోజులు నానేసరికి రంగు కట్ల కిందికి కూడా పాకింది. ఎక్కడా తెలుపు లేదు. పువ్వు లేదు. నూలంతా ఒకటే రంగు.

రంగు నీళ్ళు మోరీలో పారబోశాను. నా ఇంట్లో నేను పారబోసిన మొదటి రంగు అదే.

మగ్గం మీద మిగిలిన జానెడు చీరను యాదగిరి నేసి కోసి ఇచ్చాడు. చీర నా ఒళ్ళో పెట్టి, "అక్కా, నేను నవ్వకుండ ఉండాల్సింది" అని అక్కడే కూలబడ్డాడు. "లేవు. నువ్వొక్కనివే నవ్వినవా?" అన్నాను. వాణ్ని ఇప్పుడు అరుగు మీదే కూర్చోబెడతాను.

ఇప్పుడు నేను పూటకు ఇంత చిటికి కడతాను. ముంచడం, పిండడం యాదగిరి ఇంట్లో చేస్తారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వచ్చినప్పుడల్లా పనివల్లే అనుకోకుండా ఆగి చూసుకుంటాను. మూడో తరగతి చదివినదాన్ని, ఇంత రాయడానికి చాలా పొద్దులు పట్టింది. తప్పులు మనవరాలు దిద్దింది. "అవ్వా, గిది గూడ రాస్తవా?" అని చెయ్యి కనిపించిన సంగతి దగ్గర ఆగింది. రాయమన్నాను.

రంగు పనివాళ్ళకు, మెకానిక్ షెడ్డు వాళ్ళకు, గోరింటాకు పెట్టుకున్న ఆడపిల్లలకు ఒక్క మాట చెప్తాను. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గూ ఆయాసం ఉండి, వేలి మీద మిషన్ తక్కువ చూపిస్తే రంగు అని నవ్వకండి. చెప్పు విడిపించి కాలి వేలికి పెట్టండి, చెవికి పెట్టండి. అక్కడ కూడా తక్కువే ఉన్నా, మీకు తేలకపోయినా ముందు మనిషిని బండి ఎక్కించండి. పొయ్యి మీద ఏమున్నా ఉండనీయండి. మిషన్‌ది తప్పయితే, ఇద్దరూ కలిసి ఇంటికి తిరిగి వచ్చాక దాన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు.