మా అమ్మ పలకని పేరు

మా మేనకోడలి వర్క్‌బుక్ తెరిస్తే కొత్త కాగితం, అచ్చు సిరా కలిసిన వాసన వస్తుంది. పేజీ నిండా ఇంగ్లీషు వాక్యాలు, మధ్యలో ఖాళీలు. హూ, విచ్, హూజ్‌లలో సరైనది ఎంచి నింపాలి. ఆ పిల్ల అర నిమిషంలో నింపేసి ఫోను అందుకుంటుంది.

నేను వాటిని నేర్చుకున్నది రాజాం దగ్గరి మా ఊళ్లో, ట్యూషను మేష్టారి అరుగు మీద. చలికాలం సాయంత్రాలు, కళ్లాల నుంచి గాలికి లేచొచ్చే ఊక ధూళి, పక్కింట్లో తేగలు కాలుస్తున్న కమ్మటి వాసన, తొక్కుడుబిళ్ళ సగంలో వదిలి వచ్చిన మా మట్టికాళ్ళు, వీటన్నిటి మధ్య ఆయన పొందూరు పంచె నలగకుండా కూర్చుని చెప్పేవారు. మనిషైతే హూ, పశువో వస్తువో అయితే విచ్, ఎవరిదో చెప్పాలంటే హూజ్. మనం ‘నిన్న వచ్చిన మనిషి’ అంటాం, ఇంగ్లీషువాడు మనిషిని ముందు నిలబెట్టి, ఆ వెనక ‘హూ’ అని అతగాడి సంగతి ఎత్తుకుంటాడు. పిల్లలంతా తలలు గోక్కున్నారు. నేను మాత్రం ఎవరి పేరూ ఎత్తకుండా, హూ పెట్టి వాళ్ళ సంగతులే చెబుతూ పది వాక్యాలు రాసుకెళ్ళాను.

“ఎవులు సెప్పినారే నీకు?” అన్నారు మేష్టారు.

“మా అమ్మండి.”

బడి గుమ్మం తొక్కని మా అమ్మ సంగతి ఊరంతటికీ తెలుసు కనక ఆయన పకపకా నవ్వారు. నేను అబద్ధం చెప్పలేదు. నాకు పెట్టింది నాయనమ్మ పేరు, అప్పలనరసమ్మ. మా ఇళ్ళల్లో కోడలు అత్తగారి పేరు నోటితో అనదు. కాబట్టి అమ్మ నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఎదురుగా ఉంటే ‘ఒసే గుంటా’, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. ఇంకొకరికి చెప్పాలంటే ‘మజ్జిగ కుండ బద్దలుకొట్టిన గుంట’, ‘జొరమొచ్చినా బడి మానని గుంట’. మిగతా తల్లులు వీధి చివరి నుంచి పేర్లు పెట్టి కేకలేస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నాయనమ్మ పోయిన ఏడాది, ఇప్పుడైనా పిలవమని అడిగాను.

“సచ్చిపోతే అత్త కాకుండా పోద్దేటి?” అంది అమ్మ.

ఆ వారమే సంతలో, వెల్లుల్లి బస్తాల వెనక కావాలనే దాక్కున్నాను. తప్పిపోయానంటే పేరు పెట్టి అరవక చస్తుందా అని నా ధీమా. ముందు “ఒసే గుంటా!” అని అరిచింది. సంతలో ఉన్న గుంటలందరూ తలలు తిప్పారు. అమ్మ ఆగి, చుట్టూ చూసి, నోరు తెరిచింది. నేను బస్తాల సందులోంచి చెవి ఒగ్గాను.

“బాబూ, ఎర్ర గౌనేసుకున్న గుంట, ముందటి పన్ను ఊడిపోయిన గుంట, వంకాయంటే మొకం తిప్పేసే గుంట, సీకటంటే బయపడే గుంట… నా గుంట కనబడ్డాదేటి మీకు?”

చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. గాజులమ్మే ఆవిడ నా జబ్బ పట్టుకుని లాక్కొచ్చి, “ఇదేనేటమ్మా?” అంది. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి, కొంగుతో నా మొహం తుడిచి, బెల్లం జీళ్ళు కొనిపెట్టింది. నాకు జాలి వేయలేదు. ఇన్ని చెప్పే బదులు ఒక్క మాట అంటే ఏం పోయిందని, ఇంటికెళ్ళేదాకా ఉడుక్కుంటూనే జీళ్ళు తిన్నాను.

అమ్మ పోయి రెండేళ్ళయింది. చివరిదాకా నా పేరు అనలేదు. ఆ పట్టింపు మా ఇళ్ళల్లో ఇప్పుడెవరికీ లేదు, మా మరదలు తన అత్తగారైన మా అమ్మ పేరు ఫోనులో స్పెల్లింగుతో సహా చెబుతుంది. ఇప్పుడు నేనుంటున్న విజయనగరంలో నన్ను బ్యాంకులో, ఆసుపత్రిలో, కొరియరు తెచ్చే కుర్రాడితో సహా అందరూ పేరు పెట్టే పిలుస్తారు, నేనూ పలుకుతాను. నేను ఏ గుంటనో చెప్పగలిగే మనిషి మాత్రం లేదు.