మొలతాడుకు కట్టిన తాళంచెవి

మా ఆయన సైకిల్‌తో నేను పదకొండేళ్లు కాపురం చేశాను. ఆయనతో అనడం లేదు, సైకిల్‌తోనే అంటున్నాను. జమ్మలమడుగులో మాది ఒక్క గది ఇల్లు. ఆయన బడి నుంచి రాగానే అది కూడా గడప దాటి లోపలికొచ్చి పొయ్యికీ మంచానికీ మధ్య నిలబడేది. ఎటు తిరిగినా పెడలు పిక్కకు తగిలేది. నా చీరల అంచులన్నీ చైను నూనె మరకలే. ఉతికి ఉతికి నా చేతులు పడిపోయేవి.

పోనీ ఆయన్ను అందామా అంటే అదీ లేదు. పల్లె బడిలో అయ్యవారు, ఆ బడి ఇంటికి ఆరు మైళ్లు. మొదటి సైకిల్‌ను కిటికీ ఊచకు గొలుసేసి కట్టి, ఓ కన్ను దాని మీదే ఉంచి పాఠం చెప్పేవాడు. కానీ గొలుసు వేసింది ముందు చక్రానికి. ఒకరోజు అన్నం తినే వేళ ఎవడో పుణ్యాత్ముడు నట్లు విప్పి, ఆ చక్రం మాకు వదిలేసి, మిగతాదంతా ఎత్తుకుపోయాడు. సాయంత్రం ఆయన చక్రం ఒక్కటి భుజానికి తగిలించుకొని ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ఏడాదిన్నర రోజూ పోనూ రానూ నడకే. ఆ కాళ్లకు ఆముదం రాసింది నేనే. అందుకే రెండో సైకిల్ కొన్నాక దాని తాళంచెవిని మొలతాడుకు కట్టుకుంటే నవ్వలేకపోయాను. స్నానానికి కూడా విప్పేవాడు కాదు.

ఒక ఎండాకాలం పులివెందుల పక్కకు బదిలీ అయింది. బస్సు ప్రొద్దుటూరు మీదుగా పోతుంది. సామానంతా బస్సెక్కించాం. సైకిల్‌ను పైన తాడుతో కట్టారు, ఆ తాడు మీద నమ్మకం లేక ఆయన కూడా పైకెక్కి దాని పక్కన కూర్చున్నాడు. నేను లోపల ఆడవాళ్ల సీట్లో. ప్రొద్దుటూరు బస్టాండులో గొంతెండిపోయి చలివేంద్రం దగ్గరికి దిగాను. చెంబు దించి చూద్దును గదా, బస్సు లేదు.

"పాయనే తల్లీ బస్సు!" అన్నాడు టీ అంగడి సాయిబు. బెంచీ దులిపి నన్ను కూర్చోబెట్టాడు. "భయపడొద్దు, పైన కూచున్న ఆయప్పకు సైకిల్ తోడుంది, నీకు మేముండాం."

ఎర్రగుంట్లలో బస్సు ఆగితే గానీ నేను లేనని ఆయనకు తెలియలేదట. పెట్టె, బిందెలు, బియ్యం మూట కండక్టరుకు అప్పగించి పులివెందులకు పంపేసి, సైకిల్ దించుకొని వెనక్కి తొక్కుకుంటూ వచ్చాడు. పొద్దు వాలుతుండగా కనబడ్డాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. నన్ను చూశాడు. సైకిల్ దిగి స్టాండు వేశాడు. నేను కూర్చున్న బెంచీ కాలికి గొలుసు చుట్టి, తాళమేసి, రెండుసార్లు గుంజి చూశాడు. అప్పుడు నోరు తెరిచాడు.

"యాడికి పోయినావు మే? పానం పోయినంత పనైంది నాకు."

"నీళ్లకు దిగినా. నువ్వు చూడల్లేదా?"

"పైన సైకిల్ పట్టుకోని ఉంటి గదా."

నాకు ఏడుపు రాలేదు. పోట్లాడే ఓపికా లేదు. ఇన్నేళ్లలో నన్నెప్పుడైనా అలా గుంజి చూసుకున్నాడా అనిపించింది, అంతే.

తర్వాతి బస్సుకు సైకిల్‌ను మళ్లీ పైన కట్టించి, ఈసారి గొలుసేసి తాళం కూడా వేసి, కిందికి దిగొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. పెళ్లయినాక బస్సులో నా పక్కన కూర్చోవడం అదే మొదలు. కానీ గతుకు గతుక్కూ ఆయన చూపు పైకే. బస్సు ఆగిన చోటల్లా కిటికీలోంచి తల బయటపెట్టడమే. ఎర్రగుంట్ల వచ్చేసరికి ఆయన్ను చూసి చూసి నాకే విసుగొచ్చింది.

"పైకే పో. ఈసారి నేను దిగనులే" అన్నాను. పోనంటాడేమోనని మొహంలోకి చూశాను.

లేచాడు. రెండడుగులు వేసి వెనక్కొచ్చి, మొలతాడుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"నీ కాడ ఉండనీ మే. నువ్వు ల్యాకుండా దాన్ని తెరవలేను గదా ఇంక."

పైన ఆయన సర్దుకొని కూర్చున్న చప్పుడు వినబడింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. నేను అడగకుండా అడిగింది ఆయన నా పక్కన కూర్చోవడం, ఆయన ఇచ్చిపోయింది తాళంచెవి. మళ్లీ అడిగే ఓపిక లేక దాన్నే కొంగున ముడేసుకున్నాను.