పడుగు ఈడ, పేక ఆడ

నా బిడ్డ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను మా అత్తకు అన్నం తినిపిస్తున్నాను. బెంగళూరులో రోడ్డు దాటుతుంటే లారీ గుద్దిందని, ఆసుపత్రికి చేరేలోపలే ప్రాణం పోయిందని అక్కడ ఆమెకు చదువు చెప్పే మేడం ఫోన్లో చెప్పింది. నా చేతిలో ముద్ద ఉంది. మా అత్త నోరు తెరుచుకొని చూస్తోంది. ఆ ముద్ద పెట్టి, నీళ్లు తాగించి, మూతి తుడిచి, ఆ తర్వాతే మా ఆయనను పిలిచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

నా బిడ్డతో చదివిన పిల్లలు ఆమె గురించి నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నేను ఐదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మాది ఎమ్మిగనూరు, నేత ఇల్లు. నా బిడ్డ మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేస్తుండేది. కొన్నాళ్లు బెంగళూరు, కొన్నాళ్లు జర్మనీ. రెండుచోట్లా గురువులు, ఇద్దరూ కలిసి నేర్పే చదువు. ఇంటికొస్తే మా మరిది ఆటపట్టించేవాడు.

“ఏమ్మే, రెండు దేశాల్లో సదివితే రెండు పట్టాలిస్తారా?”

“ఒకటే చిన్నాయనా.”

“దానికి అంత దూరం యాల? ఆదోనిలో లేవా కాలేజీలు?”

“పడుగు ఈడ, పేక ఆడ ఉండాది. రెండూ కలిస్తేనే గుడ్డ. ఒట్టి పడుగు సుట్టుకోని నువ్వు బజారుకు పోతావా?”

వాడు నవ్వలేక చచ్చేవాడు. పిల్ల మాత్రం నవ్వేది కాదు. ఎదుటివాళ్ల బట్టల మీద ఏ దారప్పోగు కనబడినా తీసి, వేళ్ల మధ్య మెలిపెడుతూ కూర్చునేది. పోయాక జర్మనీ నుంచి పంపిన పిల్ల కోటు జేబులోనూ అలాంటి పోగులే ఉన్నాయి.

ఆ చదువు మొదలైంది మా అత్త దగ్గరే. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాలంటే పాతది మొత్తం తీసేయం. నేసిన గుడ్డ కోసుకొని, పాత కొసలను దువ్వెనలాంటి అచ్చులోనే వదిలి, ఒక్కొక్క కొసకు కొత్త పోగు అతుకుతాం. వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెట్టాలి. మా అత్త పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఆ పని చేస్తోంది. పిల్ల ఆదోనిలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే, మా అత్త అతుకుతూనే తల ఎత్తి, “ఎవురమ్మా నువ్వు? ఎవురి పిల్లవు?” అని అడిగింది. వేళ్లు మాత్రం ఆగలేదు.

పిల్ల ఆమె పక్కనే చాలాసేపు కూర్చుంది. వంటింట్లోకి వచ్చి, “మ్మా, అవ్వకు నేను పోయినాను, పోగు పోలేదు. ఎట్లమ్మా?” అంది.

“నాకేం తెలుసు? తిందువు రా,” అన్నాను.

పోయినసారి వచ్చినప్పుడు అరుగు మీద నా తలకు నూనె రాస్తూ ఇంకో మాట చెప్పింది. “జబ్బు మెదడు ఒకటే సూస్తే సాలదుమ్మా. పక్కన పెట్టి సూసేకి మంచిది గూడా కావాల. నువ్వు సీర అంచులో తప్పు ఎట్ల పట్టుకుంటావు? మంచి సీర పక్కన పరిసి గదా. జబ్బు మెదడైతే ఇస్తారు, మంచిదైతే ఎవురూ ఇయ్యరు. నేను పోతే నాది పెట్టుకోండని మా మేడంకు సెప్పినా.”

“ముండా, నోరు మూసుకో. దీపాలు పెట్టే పొద్దులో ఏం మాటలవి,” అని కసిరాను. నవ్వుతూ జడ అల్లింది.

మేం బెంగళూరు చేరేసరికి ఆసుపత్రిలో వాళ్ల మేడం ఒక మూల నిలబడి ఏడుస్తోంది. ఆమె నన్నేమీ అడగలేదు. నేనే దగ్గరికి పోయి అడిగాను. “మేడం, మీకు మంచిది కావాలంటుండె గదా నా బిడ్డ. తీసుకుంటారా?”

మా మరిది నా మీదికి వచ్చాడు. “వదినా, నీకు మతి గాని పోయిందా? బిడ్డను సక్కంగా మట్టికి పంపనీవా? వచ్చే జన్మలో ఎట్ల పుడతాది అది?”

వాడన్నది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏముంది? ముఖం చూసుకోవడానికైనా ఉంటుందా అని మేడంను అడిగాను. “ముఖం అట్లే ఉంటుందమ్మా. కుట్టి, తలకు గుడ్డ కడతారు,” అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నవాడు మెల్లగా లేచి, “అది ఇస్తానని సెప్పింది. వద్దనేకి మనమెవురం,” అన్నాడు. భుజం మీది కండువా తీసి మేడం చేతికిచ్చాడు. అది మా మగ్గం మీద నేసిందే. నా బిడ్డ తలకు కట్టింది దాన్నే.

మా మరిది ఇప్పటికీ మా గడప తొక్కడం లేదు. పోయి సర్దిచెప్పే ఓపిక నాకు లేదు. పొద్దున లేస్తే మా అత్తను లేపాలి, కడగాలి, తినిపించాలి. బెంగళూరులో నా బిడ్డ మెదడును చూసి తీసే బొమ్మలు జర్మనీలో గురువు కూడా చూస్తుందని మేడం ఫోన్ చేసి చెప్పింది. సరేనమ్మా అన్నాను.

మైల తీరాక మా ఆయన మగ్గం మీది గుడ్డ కోశాడు. కొసలు అచ్చులో వేలాడుతున్నాయి. మా అత్తను తెచ్చి వాటి ముందు కూర్చోబెట్టి, బూడిద చిప్ప పక్కన పెట్టాను. ఆమె వేలు అద్దుకొని, అటూ ఇటూ చూసింది.

“ఆ పిల్ల యాడికి పోయింది?”

“సదువుకు పోయిందత్తా.”

“ఈడికా, ఆడికా?”

“రెండుతావులకూ.”

మా అత్త తల ఊపి, వేలాడుతున్న కొసను ఒకదాన్ని పట్టుకొని, కొత్త పోగు కోసం నా వైపు చెయ్యి చాపింది.