ఉప్పల్ రింగు రోడ్డు మీద మా ఓటర్లు

మా మేనమామకు మల్లాపూర్‌లో లేత్ వర్క్‌షాపు, నాచారంలో ఇల్లు, ఒక చిన్న పార్టీలో డివిజన్ అధ్యక్ష పదవి ఉండేవి. మూడింటిలోకి ఆయన రోజూ తుడిచి చూసుకునేది పదవినే.

మా పార్లమెంటు సీటులో రెండు పెద్ద పార్టీలు నువ్వా నేనా అన్నట్టు ఉండేవి. ఎవరు గెలవాలో మన ఓట్లే తేలుస్తాయని మామ అనేవాడు. మన ఓట్లు ఎన్నో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

రాష్ట్రం ఖాయమైన ఆ వేసవిలో ఎన్నికలొచ్చాయి. ఉప్పల్ వైపు బూత్ చూసే హార్డ్‌వేర్ షాపాయన అధ్యక్ష పదవి తనకే కావాలని పట్టుబట్టాడు. మా అభ్యర్థి రిటైరైన లెక్చరర్. ఇద్దరికీ ఒక పరీక్ష పెట్టాడు: ఎవరి బూత్‌లో పార్టీకి ఎక్కువ ఓట్లు పడితే పదవి వాళ్లది.

మామ నన్ను పిలిచాడు. "అల్లుడా, కంప్యూటర్ల జర పక్కా లిస్టు జెయ్యి. నా ఇజ్జత్ నీ చేతుల వెట్టిన."

నేను డిప్లొమా చేసి ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్‌లో ఉండేవాణ్ని. షాఫ్టులకు రాసినట్టే ఓటర్లకూ రాశాను: ఓకే, రీవర్క్, రిజెక్ట్. పద్నాలుగు కాలమ్‌లు పెట్టాను. ఇంటి నంబరు, వయసు, పని, సొంత జిల్లా, బూత్‌కు ఎన్ని అడుగుల దూరం, ఎండకు వస్తారా రారా. ప్రతి ఇంట్లో చాయ్ ఇచ్చి, "మీ మామకు గాక ఇంకెవలకు ఏస్తం" అన్నారు. నూటా ఆరుగురు ఓకే అయ్యారు. మామ ఆ కాగితాన్ని లామినేషన్ చేయించాడు.

పోలింగ్ రోజు ఏడింటికే ఓకే వాళ్లను బయల్దేరదీయడానికి వెళ్లాను. మొదటి ఇంటికి తాళం. రెండో ఇంటికీ తాళమే. నాలుగో ఇంటి ముందు ముగ్గేస్తున్న ముసలమ్మ తలెత్తకుండానే చెప్పింది: "అందరు ఊర్లకు పోయిన్రు బిడ్డా, ఓట్లెయ్యనీకి."

అందరికీ ఊర్లోనూ ఓటుందట. నా పద్నాలుగు కాలమ్‌లలో ఆ కాలమ్ లేదు.

షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ రింగు రోడ్డుకు పోయాను. నా లిస్టు మొత్తం అక్కడే, దాదాపు సీరియల్ నంబర్ల ప్రకారం, వరంగల్ బస్సు కోసం నిలబడి ఉంది. మా పక్కింటి వెల్డర్ అన్నను పట్టుకున్నాను.

"అన్నా, మాకేస్తనంటివి కదా."

"ఏస్తనంటి. ఈడ ఉంటే ఏస్తుంటి గద."

"ఈడ ఏసి పో."

"ఏలుకు ఇంకు వెడ్తరు. ఊర్ల మా పెద్దనాయిన సూస్తే తంతడు." జాలిగా నా చేతిలోని లామినేషన్ వైపు చూశాడు. "మస్తుగ జేసినవ్ తమ్మీ, లిస్టు."

మామకు ఫోన్ చేశాను. "ఆడనే ఉండు. ఒక్కల్నన్న వాపస్ తే," అన్నాడు.

అప్పుడే భువనగిరి బస్సు కిటికీలో మా అత్త కనిపించింది. మామ భార్య, లిస్టులో రెండో నంబరు.

"ఊర్ల మా తమ్ముడు పెద్ద పార్టీకి తిరుగుతుండు. ఎయ్యకపోతే వాని ఇజ్జత్ పోతది," అంది. "మాపటికి వస్త. మీ మామకు జెప్పకు."

"మామ ఇజ్జత్ అత్తా?"

"మీ మామకు నువ్వున్నవ్ గద."

బస్సు కదిలింది.

సాయంత్రం దాకా బస్సు తర్వాత బస్సుకు నచ్చజెప్పాను. ఒక్కరూ దిగలేదు. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ మా బూత్‌కు చేరేసరికి ఆరు దాటి నాలుగు నిమిషాలైంది. గేటు వేసేశారు. మర్నాడే ఎడమ చూపుడు వేలికి కట్టు కట్టుకుని, ఫ్యాక్టరీలో తగిలిందన్నాను.

రెండు వారాలు దాటాక లెక్కింపు జరిగింది. రెండు పెద్ద పార్టీల గొడవలో మమ్మల్ని ఎవరూ తలుచుకోలేదు. మా బూత్‌లో పదకొండు ఓట్లు. హార్డ్‌వేర్ షాపాయన బూత్‌లోనూ పదకొండే. లెక్చరర్ ఇద్దరినీ పాస్ చేసి, చెరి ఆర్నెల్లు అధ్యక్షులుగా ఉండమన్నాడు. మొదటి ఆర్నెల్లు షాపాయనవి.

మామ లిస్టు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "నేనొకటి. నువ్వొకటి. మీ అత్తదొకటి. తక్కిన ఎనిమిది ఎవలో." వేలు లామినేషన్ మీద ఆగింది. "ఒక్క ఓటు అల్లుడా. ఒక్కటి పడుంటే గెలుస్తుంటిమి. ఎవడో మనోడే ఎయ్యలే. ఎవడో పట్టు."

"చూస్తాను మామా," అన్నాను.

అత్త చాయ్ తెచ్చింది. ఆమె గోరు మీద ఇంకు ఇంకా నల్లగా మెరుస్తోంది. కప్పు అందిస్తూ నా కట్టు వైపు ఒకసారి చూసింది.

"గా ఏలుకు జర పసుపు పెట్టు," అంది. "మానేదాక కట్టు ఇప్పకు."