గాజు బాబాయ్ ప్లాస్టిక్ భయం

కొందరికి పామంటే భయం, కొందరికి అత్తగారంటే భయం. గాజు బాబాయ్‌కి మాత్రం ప్లాస్టిక్ అంటే భయం.

మెదడు మీద పరిశోధనలు చేసే ఓ ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళుగా సామాను చూసేది ఆయనే. మంచినీళ్ళు గాజు సీసాలో, మధ్యాహ్నం భోజనం గాజు జాడీలో. కళ్ళజోడు అద్దాల బరువుకి ముక్కుమీద రెండు గుంటలు పడ్డాయి. "తేలికైన ప్లాస్టిక్ అద్దాలు దొరుకుతున్నాయి కదా బాబాయ్" అంటే, "తీసుకెళ్ళి కళ్ళమీదే పెట్టుకోమంటావా?" అంటూ రెండడుగులు వెనక్కి వేస్తాడు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. గంజాయి మన మెదడులో ఏ తలుపు తడుతుందో, అదే తలుపు తట్టే కొవ్వుపదార్థం ఒకటి మన ఒంట్లోనే తయారవుతుంది. నొప్పినీ భయాన్నీ కాస్త తగ్గించమని కణానికి కబురు చెబుతుంది. పని అయ్యాక కణం దాన్ని లోపలికి తీసుకుని ముక్కలు చేసేస్తుంది. నీళ్ళలో కలవని ఆ కొవ్వును లోపలికి మోసుకెళ్ళేది ఎవరన్నదే అక్కడందరూ తలలు బద్దలు కొట్టుకునే ప్రశ్న. దానికో పాడు బుద్ధి కూడా ఉంది. ప్లాస్టిక్ కనబడితే చాలు, వెళ్ళి అతుక్కుపోతుంది. భయం తగ్గించే సరుకు పక్కన ముప్పై ఏళ్ళున్నా బాబాయ్ భయం ఆవగింజంతైనా తగ్గలేదు.

అక్కడ పరిశోధన చేసే చిట్టికి ఆయన్ని చూస్తే నవ్వు. ఆయన జ్వరంతో రెండు వారాలు రాలేదు. గాజు పళ్ళేలు కడిగే ఓపిక లేక చిట్టి ప్లాస్టిక్ పళ్ళేల్లోనే కణాలు పెంచి, కొవ్వు కలిపిన ద్రవం పోసింది. ఐదు నిమిషాల తర్వాత కొలిస్తే ద్రవంలో కొవ్వు సగం మాయం! కణాలు లాగేసుకున్నాయి, అంటే మోసేవాడు ఉన్నాడు! ప్రయోగశాల నడిపే పెద్దసారు పొంగిపోయి, వచ్చి ఫలితం చూడమని పరీక్షకుల్ని పిలిచేశారు.

వాళ్ళు రావడానికి ముందురోజు పొద్దున్నే బాబాయ్ తిరిగొచ్చాడు. సంగతంతా విని చిట్టిని అడిగాడు.

"ఏ పళ్ళెంలో చేశావమ్మా?"

"ప్లాస్టిక్, బాబాయ్."

ఆయన గుండె పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "కణాలు లేని ఖాళీ పళ్ళెంలో పోసి చూశావా తల్లీ?"

చిట్టి చూడలేదు. ఆ మాట వినగానే ఆమె నవ్వు ఎటో పోయింది. ఖాళీ పళ్ళెంలో ద్రవం పోసి ఇద్దరూ గడియారం ముందు నిలబడ్డారు. ఐదు నిమిషాలయ్యాక చిట్టి రెండుసార్లు కొలిచింది. సగం మాయం. తీసుకోవడానికి ఒక్క కణం కూడా లేదు, అయినా సగం మాయం. పళ్ళెమే నాకేసింది.

పెద్దసారు సంగతి ఆమెకి తెలుసు. తప్పుడు ఫలితం తెచ్చిన కుర్రాణ్ణి పోయినేడాది ఆ పూటే ఇంటికి పంపేశారు. "నా చదువు ఇక్కడితో సరి బాబాయ్. నాకు భయమేస్తోంది" అంది చిట్టి.

"నాకూ వేస్తోందమ్మా" అన్నాడు బాబాయ్. ముప్పై ఏళ్ళలో ఆయన పెద్దసారు గదిలో కాలు పెట్టి ఎరగడు. సామాను చీటీలన్నీ తలుపు కిందనుంచే తోస్తాడు. అలాంటివాడు దేవుణ్ణి తలుచుకుని, ఆమె ఆపాలని వెంటే వస్తున్నా ఆగకుండా తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

"సార్, రేపు చూపించే ఫలితం తప్పు. ఆ అమ్మాయి దోషం లేదు. ప్లాస్టిక్ పళ్ళేలు ఇచ్చింది నేను."

పెద్దసారు కలం కింద పెట్టారు. "ఎవరూ, మీరా?"

"నేనే సార్."

"మీ చేత్తో?"

"నా చేత్తోనే. నాకు ప్లాస్టిక్ అంటే..." బాబాయ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ప్రాణం సార్."

పెద్దసారు ముఖం ఎర్రబడింది. తిడతారనుకుని చిట్టి కళ్ళు మూసుకుంది. తీరా చూస్తే ఆయన నవ్వు ఆపుకుంటున్నారు. "మీరు బయటుండండి" అని బాబాయ్‌ని పంపేసి ఆమె వైపు తిరిగారు. ఇక దాచడం చిట్టి వల్ల కాలేదు. "తప్పు నాది సార్. ఖాళీ పళ్ళెంతో చూడలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఆ మాట రేపు వాళ్ళముందు బయటపడుంటే?" అన్నారాయన, నవ్వు మానేసి. "రేపటిది రద్దు చేస్తాను. మూడు నెలలు టైమిస్తున్నా. మొత్తం గాజుమీద మళ్ళీ చెయ్యి."

బయట బాబాయ్ గోడకి ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు. "ఉంచారా తల్లీ?"

"ఉంచారు బాబాయ్!"

ఆయన కళ్ళు మెరిశాయి. అంతలోనే కొత్త భయం పట్టుకుంది. ఆమెని పక్కకి లాగి గుసగుసగా అడిగాడు. "నా మాట ఆయన నమ్మలేదు కదా?"

"ఒక్క ముక్క కూడా నమ్మలేదు."

"బతికించావు! నమ్మేసుంటే నా పరువేం కావాలమ్మా?"