నరహరి మాస్టారి ఏకాంతవాసం

నరహరి మాస్టారు ఒంటరిగా ఉండలేరు. ఒక పూట కాదు, ఒక గంట కాదు, నూతి దగ్గర నాలుగు చేదలు నీళ్లు పోసుకునేంతసేపైనా ఉండలేరు. ఆయన స్నానం చేస్తున్నంతసేపూ భార్య జగదాంబ తడిక అవతల నిలబడి "ఊఁ" కొట్టాలి. ఊఁ ఆగిందంటే సబ్బు నురగతోనే తల బయటపెట్టి, "వింటున్నావా?" అనేవారు.

సాయంత్రం బడి వదలగానే ఆయన పలాస స్టేషనుకి పోయేవారు. రైలెక్కడానికి కాదు. రైలు ఆగితే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఎక్కడికీ పారిపోలేరు, అందుకని. ఒకసారి అలా కబుర్లు చెబుతూ చెబుతూ పెట్టె ఎక్కి, సోంపేటలో దిగారు. "వాక్యం సగంలో ఉండగా రైలు కదిలిపోయిందే. రైలుకి బ్రేకుంది, నా నోటికేదీ?" అని తనే నవ్వేవారు.

ఇక రహస్యమన్నది ఆయన దగ్గర నిలిచేది కాదు. పక్కింటి నాగభూషణం, పోస్టాఫీసు గుమస్తా, భార్య చంద్రకళకి తెలియకుండా చీర కొన్నాడు. పొద్దున్న ఆ మాట మాస్టారి చెవిన వేశాడు. మధ్యాహ్నానికల్లా చంద్రకళ, ఆ రంగు తనకి నప్పదు, మార్చుకు రమ్మని పోస్టాఫీసుకి కబురు పంపింది.

అలాంటి మాస్టారు, ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటి వేసవిలో, బడికి సెలవులిచ్చిన రోజున భోజనం దగ్గర ప్రకటించారు.

"జగదాంబా, నేను మందస అడవిలో రెండు వారాలు ఒక్కణ్ణే ఉండబోతున్నాను. కొండ దగ్గర ఫారెస్టు గార్డు పాక ఉంది. అందులో."

జగదాంబ చేతిలో గరిటె చారుగిన్నెలో పడింది.

"ఒక్కరేనా? మరి ఊఁ ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టక్కర్లేదు. ఏకాంతం కావాలి. ఆత్మవిచారం చేసుకోవాలి."

"మీకు ఆత్మ కనిపిస్తే దాన్నీ కబుర్లతో చంపుతారు."

"ఆ భయం నాకూ ఉంది," అని మాస్టారు వినయంగా ఒప్పుకున్నారు.

మర్నాడు మందస బస్సెక్కారు. ఎక్కుతుండగా నాగభూషణం, "ఎల్లుండి కలుద్దాం మాస్టారూ!" అని చెయ్యూపాడు.

ఎల్లుండికి ఆయన రాలేదు. నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. నాగభూషణం అరుగుమీద కూర్చుని వీధికంతా వినపడేలా చదివాడు.

"ఇక్కడ నిశ్శబ్దం చాలా గొప్పగా ఉంది. నిన్నటినుంచీ భరించలేకపోతున్నాను. పొద్దున్న గోడమీది బల్లికి మూడో ఎక్కం చెప్పాను. మూడేడులు ఇరవయ్యొకటి దగ్గర అది వెళ్లిపోయింది. మా క్లాసు పిల్లలు మూడైదుల దగ్గరే వెళ్లిపోతారు గనక బల్లే నయం."

రెండో ఉత్తరం: "పాకలో ఏదో గురగురమంటే ఎలుగుబంటి అనుకుని మంచం కింద దూరాను. గంటసేపు విన్నాక తెలిసింది, అది నా కడుపు. అన్నం మాడితే తినలేదులే."

మూడోది: "ఎదుటి కొండకేసి 'ఎవరక్కడ?' అన్నాను. అదీ 'ఎవరక్కడ?' అంది. ఇంత ఓపిగ్గా వినేవాళ్లు నాకు ఈ జన్మలో దొరకలేదు. కాకపోతే తనంతట తాను ఒక్క కబురూ చెప్పదు."

వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. జగదాంబ కూడా నవ్వింది గాని, ఉత్తరాలు మూడూ మళ్లీ చదువుకుంది. ఇంత హడలిపోతున్న మనిషి, ఇంటికొచ్చేస్తానని ఒక్కచోటా రాయడేమిటి? పదోరోజు పొద్దున్నే దద్దోజనం, కొత్తావకాయ మూటగట్టుకుని ఆవిడ మందస బస్సెక్కింది.

మందసలో విస్తర్లకి అడ్డాకులు కోసి అమ్ముకునే బొడ్డమ్మ దారి చూపడానికి వచ్చింది. మాస్టారికి బియ్యం ఇచ్చి, ఆయన ఉత్తరాలు తెచ్చి డబ్బాలో వేసేది ఆవిడే.

"నువ్వేనా తల్లీ జగదాంబమ్మవి? నీ కతలన్నీ నాకు తెల్సు. ఆ బాబు నోరు తెరిత్తే మూయడు గదా! ఆయన కబుర్లు ఇనుకుంటా కూకుంటే నా ఆకుల కట్ట సగమైనా నిండట్లేదు."

"అసలాయన అక్కడేం చేస్తున్నారు?"

"నీకు సెప్పలేదేటి? అయితే నేను సెప్పనమ్మా. ఆయన్నే అడుగు," అని బొడ్డమ్మ చరచరా ముందుకి నడిచింది.

వాళ్లు వెళ్లేసరికి మాస్టారు గుట్టమీద కర్ర పట్టుకుని నిలబడి, కళ్లమీద చెయ్యి అడ్డుపెట్టుకుని నాలుగు దిక్కులా చూస్తున్నారు. పదిరోజుల గడ్డం. చేతికి కాలిన మచ్చ. జగదాంబని చూడగానే గుట్ట సగం దిగి, మిగతా సగం జారి, దుమ్ము దులుపుకోకుండానే మొదలెట్టారు.

"జగదాంబా! వచ్చావా! సోమవారం నాడేమైందో తెలుసా..."

"ముందు ఇది చెప్పండి. ఏమిటీ వేషం?"

మాస్టారు అటూ ఇటూ చూశారు. బొడ్డమ్మ, చుట్టూ చెట్లు తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించారు.

ఆ గార్డు పైడిరాజు ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడు. వాడి పెళ్లాం చిన్నతల్లికి రెండు కాన్పులు పోయాయి. ఇది మూడోది. పురుడు వచ్చేదాకా టెక్కలి ఆసుపత్రిలోనే ఉంచాలి, పక్కన మనిషుండాలి అని డాక్టరమ్మ చెప్పింది. ఎండాకాలం, అడవి అంటుకునే రోజులు, గార్డుకి సెలవివ్వరు. ఇప్పటికే రెండుసార్లు చెప్పకుండా వెళ్లాడు. మూడోసారి తెలిస్తే ఉద్యోగం పోతుంది. వాడు స్టేషను బెంచీమీద కూర్చుని ఏడుస్తుంటే, "నువ్వెళ్లు, పూటకోసారి గుట్టెక్కి పొగ చూడ్డమేగా, నేను చూస్తాను" అనేశారు మాస్టారు.

"వాడి మేనత్తే ఈ బొడ్డమ్మ."

"ఇంత మంచి పని నాతో చెప్పకూడదూ?" అంది జగదాంబ కోపంగా.

"నీతో చెబితే ఆ ఊపులో నాగభూషణానికి చెప్తాను. ఆపైన రైల్లో అందరికీ చెప్తాను. వాడి ఉద్యోగం పోతుంది. నా సంగతి నాకు తెలీదా? ఈ మాట దాగాలంటే నేను మనుషులు లేనిచోట ఉండాల్సిందే!"

జగదాంబ మూట విప్పి, ఆకేసి, దద్దోజనం వడ్డించింది.

మొదటి ముద్ద నోటిదాకా వెళ్లిందో లేదో, సైకిలు నడిపించుకుంటూ గార్డులమీద అధికారి ఫారెస్టరు వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు.

"పైడిరాజు లేడేటి? మీరెవరు?"

మాస్టారు చేతిలో ముద్ద దించారు. ఆయన నోరు తెరిస్తే నిజం తప్ప మరోటి రాదని జగదాంబకి ఇరవయ్యేళ్లుగా తెలుసు. ఆ నోరు తెరుచుకుంది. తెరుచుకున్న నోట్లో ఆవిడ ఇంత ఆవకాయ ముద్ద కుక్కేసింది.

"పొగ చూడ్డానికి పైకెళ్లాడు బాబూ. మేము పలాస నుంచి వచ్చాం. మా ఆయన ఏకాంతం కోసం వచ్చారు."

ఫారెస్టరు కుండలో నీళ్లు ముంచుకు తాగి మాస్టారికేసి చూశాడు. "దొరికిందా అండీ ఏకాంతం?"

మాస్టారు గబగబా మింగేశారు. రెండో ముద్ద పడింది. ఆయన కళ్లంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"బొత్తిగా మాటాడరేటమ్మా ఈయన?"

"పుట్టుమౌని బాబూ," అంది జగదాంబ.

ఫారెస్టరు చేతులు జోడించి దండం పెట్టాడు. ఆ ఎండలో గుట్టెక్కే ఓపిక లేక, పైడిరాజుని కులాసా అడిగానని చెప్పమని వెళ్లిపోయాడు.

జగదాంబ ఆ రోజు పలాస వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. చాప వేసుకు కూర్చుని, "సోమవారం నాడేమైందో చెప్పండి," అంది. మాస్టారు చెప్పారు. పొగ చూసేవేళల్లో ఆవిడా కొంగు బిగించి గుట్టెక్కింది.

మూడోరోజు పొద్దున్న పైడిరాజు పరిగెత్తుకొచ్చాడు. "ఆడపిల్ల బాబూ! తల్లీ పిల్లా బాగున్నారు! ఇంటికి తెచ్చేసినాం!" అని మాస్టారి కాళ్లమీద పడబోయాడు.

"లేవరా. పుట్టుమౌనికి దణ్ణాలెందుకు?" అన్నారు మాస్టారు.

పలాసలో అరుగుమీద ఆ సాయంత్రం పెద్ద సభే జరిగింది. మాస్టారు రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడారు. తను ఎన్నిసార్లు భయపడ్డారో, ఎక్కడెక్కడ జారిపడ్డారో, అన్నం ఏ రంగుకి మాడిందో అన్నీ చెప్పారు. పైడిరాజు పేరు మాత్రం ఆ రెండు గంటల్లో ఒక్కసారీ రాలేదు. గుమ్మంలో నిలబడ్డ జగదాంబ ఎక్కడ నోరు జారుతారోనని కాచుకుని వింటూ ఉంది.

"చివరికి ఒక కుందేలు ఎదురైతే చెట్టెక్కేశానోయ్," అని ముగించారు మాస్టారు.

నాగభూషణం పగలబడి నవ్వుతూ గుమ్మంకేసి తిరిగాడు. "నిజమేనా వదినగారూ?"

"ఉత్త కోతలు," అంది జగదాంబ. "కుందేలు కాదు. కుందేలు పిల్ల."